మానవ ఊపిరితిత్తుల ఉపకళా కణాల్లో నైట్రిక్ ఆక్సైడ్ సింథేజ్ వ్యక్తీకరణ: కణవర్ధన పాత్ర నుంచి శ్వాస పరీక్ష వరకు

వ్యాససంగ్రహం

మనిషి వదిలే ఊపిరిలో అతి స్వల్ప పరిమాణంలో నైట్రిక్ ఆక్సైడ్ ఉంటుంది. ఉబ్బసం ఉన్న చాలామందిలో దాని పరిమాణం పెరుగుతుంది. ఈ వాయువులో ఎక్కువ భాగం శ్వాసమార్గాల లోపలి పొరలోని ఉపకళా కణాల్లో, నైట్రిక్ ఆక్సైడ్ సింథేజ్ అనే ఎంజైమ్ ద్వారా తయారవుతుంది. ఈ ఎంజైమ్ రూపాలు, వాటి జన్యు వ్యక్తీకరణ, ప్రయోగశాలలో పెంచిన కణాలకూ దేహంలోని కణాలకూ మధ్య కనిపించిన భేదం, ఆ భేదం శ్వాస పరీక్ష ఫలితాన్ని అర్థం చేసుకోవడంలో ఎలా తోడ్పడుతుందన్న అంశాలను ఈ వ్యాసం వివరిస్తుంది. శ్వాసలోని నైట్రిక్ ఆక్సైడ్ ఒక జన్యువు ఏ స్థాయిలో వ్యక్తమవుతున్నదో తెలిపే సూచిక మాత్రమేననీ, దాన్ని వ్యాధికి కారణంగా గాని, వ్యాధికి సంపూర్ణమైన కొలతగా గాని భావించరాదనీ ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: నైట్రిక్ ఆక్సైడ్, సింథేజ్ ఎంజైమ్, ఉపకళా కణాలు, జన్యు వ్యక్తీకరణ, సైటోకైన్లు, ఉబ్బసం, శ్వాస పరీక్ష.

1. ఉపోద్ఘాతం

ఉబ్బసంతో బాధపడే వ్యక్తి నేడు ఊపిరితిత్తుల నిపుణుని దగ్గరకు వెళితే, కొన్నిచోట్ల ఒక చిన్న యంత్రంలోకి నిదానంగా ఊదమంటారు. కొద్దిసేపట్లో తెరమీద ఒక అంకె కనిపిస్తుంది. అది 18 కావచ్చు, 62 కావచ్చు. ఆ అంకెను చూసి వైద్యుడు మందు మోతాదు పెంచవచ్చు, తగ్గించవచ్చు, లేదా రోగి మందు సరిగా పీలుస్తున్నాడా అని ప్రశ్నించవచ్చు. ఆ అంకె రోగి ఊపిరిలోని నైట్రిక్ ఆక్సైడ్ పరిమాణాన్ని తెలుపుతుంది.

ఈ అంకె ఎక్కడి నుంచి వచ్చింది? దాన్ని ఎంతవరకు నమ్మాలి? ఈ రెండు ప్రశ్నలకు సమాధానం శ్వాసమార్గం గోడలోని ఉపకళా కణంలో ఉంది. ఆ కణంలో ఏ జన్యువు ఎప్పుడు మేల్కొంటుందో, ఎవరి ఆదేశంతో మేల్కొంటుందో తెలిస్తే తప్ప యంత్రం చూపిన అంకెకు అర్థం ఏర్పడదు. ఆ కణం నుంచి ఈ అంకె వరకు ఉన్న దారిని దశలవారీగా పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. నైట్రిక్ ఆక్సైడ్: కాలుష్య వాయువు నుంచి దేహ సంకేతం వరకు

ఒక నత్రజని పరమాణువు, ఒక ఆమ్లజని పరమాణువు కలిస్తే నైట్రిక్ ఆక్సైడ్ అణువు ఏర్పడుతుంది. వాహనాల పొగలోనూ, సిగరెట్ పొగలోనూ ఇది ఉంటుంది. చాలాకాలం దీన్ని కేవలం కాలుష్య పదార్థంగానే భావించారు. 1977లో ఫెరిడ్ మురాద్, నైట్రోగ్లిసరిన్ వంటి మందులు నైట్రిక్ ఆక్సైడ్‌ను విడుదల చేయడం ద్వారా రక్తనాళాల కండరాన్ని సడలిస్తాయని చూపాడు. 1980లో రాబర్ట్ ఫర్చ్‌గాట్, రక్తనాళం లోపలి పొరలోని కణాలు ఏదో ఒక పదార్థాన్ని స్రవించి ఆ నాళాన్ని సడలిస్తున్నాయని నిరూపించాడు. ఆ అజ్ఞాత పదార్థం నైట్రిక్ ఆక్సైడే అని 1987లో సాల్వడార్ మొంకాడా బృందమూ, లూయీ ఇగ్నారో బృందమూ వేర్వేరుగా తేల్చాయి. ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు 1998లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది.

ఒక వాయువు దేహంలో సంకేతంగా పనిచేయడం ఆనాటికి కొత్త విషయం. హార్మోన్లను కణాలు ముందుగా తయారుచేసి తిత్తుల్లో దాచుకోగలవు. నైట్రిక్ ఆక్సైడ్‌ను అలా దాచడం వీలుకాదు. అది కణత్వచాన్ని సులభంగా దాటిపోతుంది, కొన్ని సెకన్లలోనే మరో పదార్థంగా మారిపోతుంది. కాబట్టి దాని పరిమాణాన్ని నియంత్రించాలంటే దాన్ని తయారుచేసే ఎంజైమ్‌నే నియంత్రించాలి. ఈ కారణం చేతనే నైట్రిక్ ఆక్సైడ్ అధ్యయనం ప్రధానంగా ఎంజైమ్ అధ్యయనంగా మారింది.

3. ఎంజైమ్ మూడు రూపాలు

నైట్రిక్ ఆక్సైడ్ సింథేజ్ అనే ఎంజైమ్, ఎల్-ఆర్జినైన్ అనే అమైనో ఆమ్లాన్ని ఎల్-సిట్రులిన్‌గా మారుస్తూ, ఆ క్రమంలో నైట్రిక్ ఆక్సైడ్‌ను విడుదల చేస్తుంది. ఇందుకు ఆమ్లజని, ఎన్‌ఏడీపీహెచ్ అవసరం. హీమ్, టెట్రాహైడ్రోబయాప్టెరిన్ వంటి సహకారకాలు కూడా కావాలి. రెండు ఎంజైమ్ అణువులు జంటగా కలిసినప్పుడే ఈ చర్య జరుగుతుంది.

మానవునిలో ఈ ఎంజైమ్‌కు మూడు రూపాలున్నాయి. మొదటిది నాడీకణాల్లో మొదట గుర్తించినది. దీని జన్యువు 12వ క్రోమోజోమ్‌పై ఉంది. రెండోది ప్రేరిత రూపం. దీని జన్యువు 17వ క్రోమోజోమ్‌పై ఉంది. మూడోది రక్తనాళాల లోపలి పొరలో గుర్తించినది. దీని జన్యువు 7వ క్రోమోజోమ్‌పై ఉంది.

మొదటి, మూడవ రూపాలను నిత్యరూపాలు అంటారు. ఇవి కణంలో ఎప్పుడూ ఉంటాయి గాని, కణంలోని కాల్షియం స్థాయి పెరిగి, కాల్‌మాడ్యులిన్ అనే ప్రోటీన్ వచ్చి అతుక్కున్నప్పుడే పనిచేస్తాయి. అందువల్ల అవి కొద్దికొద్దిగా, కొంతసేపు మాత్రమే నైట్రిక్ ఆక్సైడ్‌ను ఇస్తాయి. రెండవ రూపం అలా కాదు. కాల్షియం తక్కువగా ఉన్నప్పుడు కూడా కాల్‌మాడ్యులిన్ దీన్ని గట్టిగా పట్టుకొని ఉంటుంది. కణంలో ఈ ఎంజైమ్ తయారైతే చాలు, ముడిపదార్థాలు ఉన్నంతకాలం గంటల తరబడి, రోజుల తరబడి పనిచేస్తూనే ఉంటుంది. అంటే ఆ రెండు నిత్యరూపాల విషయంలో నియంత్రణ ప్రధానంగా ఎంజైమ్ చర్య స్థాయిలో ఉంటే, ప్రేరిత రూపం విషయంలో ప్రధాన నియంత్రణ జన్యు వ్యక్తీకరణ స్థాయిలోనే ఉంది.

‘ప్రేరిత’ అన్న పేరు ఎలుకల మాక్రోఫేజ్ కణాలపై జరిగిన పరిశోధనల ఫలితం. ఆ కణాలు మామూలుగా ఈ ఎంజైమ్‌ను తయారుచేయవు. బాక్టీరియా పైపొరలోని పదార్థమో, ఇంటర్‌ఫెరాన్ గామానో తగిలినప్పుడు విరివిగా తయారుచేస్తాయి. కనుక ఈ రూపం రోగక్రిముల దాడి జరిగినప్పుడు మాత్రమే మేల్కొంటుందన్న అభిప్రాయం స్థిరపడింది. మానవ శ్వాసమార్గం విషయంలో ఆ అభిప్రాయాన్ని సవరించుకోవలసి వచ్చింది.

4. ఊపిరితిత్తుల ఉపకళ

ముక్కు నుంచి వాయుగోణుల వరకు శ్వాసమార్గమంతటా పరచుకొని ఉన్న కణాల పొరే ఉపకళ. పెద్ద శ్వాసనాళాల్లో ఇందులో శైలికలున్న కణాలు, శ్లేష్మాన్ని స్రవించే కణాలు, కొత్త కణాలకు మూలమైన ఆధార కణాలు ఉంటాయి. శైలికలు ఒక లయలో ఊగుతూ శ్లేష్మాన్నీ, దానికి అంటుకున్న దుమ్మునూ, క్రిములనూ గొంతువైపు నెడతాయి. వాయుగోణుల్లో రెండు రకాల కణాలుంటాయి. మొదటి రకం పలుచగా పరచుకొని వాయువుల మార్పిడికి వీలు కల్పిస్తే, రెండవ రకం వాయుగోణులు ముడుచుకుపోకుండా కాపాడే సర్ఫక్టెంట్‌ను స్రవిస్తుంది.

ఈ పొరను కేవలం గోడగా భావించరాదు. బయటి గాలికీ, దేహానికీ మధ్య మొదటి కాపలా ఇదే. మూడు సింథేజ్ రూపాలనూ పరిశోధకులు ఉపకళలో గుర్తించారు. నిత్యరూపాలు శైలికల కదలిక వేగాన్ని పెంచడం వంటి దైనందిన కార్యాల్లో తోడ్పడతాయి. ప్రేరిత రూపం అధిక మోతాదులో నైట్రిక్ ఆక్సైడ్‌ను ఇచ్చి సూక్ష్మజీవులను ఎదుర్కోవడంలో పాలుపంచుకుంటుంది.

5. జన్యువు మేల్కొనే క్రమం

ఉపకళా కణంలో ప్రేరిత సింథేజ్ జన్యువును మేల్కొలిపేవి ప్రధానంగా సైటోకైన్లు. రక్షణ కణాలు పరస్పరం పంపుకునే ప్రోటీన్ సందేశాలే సైటోకైన్లు. ఇంటర్‌ల్యూకిన్-1 బీటా, ట్యూమర్ నెక్రోసిస్ ఫాక్టర్ ఆల్ఫా, ఇంటర్‌ఫెరాన్ గామా అనే మూడింటి మిశ్రమాన్ని పరిశోధకులు తరచుగా ఉపయోగిస్తారు. మానవ కణాల్లో వీటిలో ఏ ఒక్కటీ ఒంటరిగా చూపలేని ప్రభావాన్ని మిశ్రమం చూపుతుంది.

ఈ సందేశాలు కణం ఉపరితలంపై ఉన్న గ్రాహకాలను తాకినప్పుడు, కణం లోపల ఎన్‌ఎఫ్-కప్పా బి, స్టాట్-1 వంటి ప్రోటీన్లు చైతన్యం పొంది కేంద్రకంలోకి ప్రవేశిస్తాయి. అక్కడ జన్యువు ముందుభాగంలోని ప్రమోటర్ ప్రాంతానికి అతుక్కొని అనులేఖనాన్ని ప్రారంభిస్తాయి. డీఎన్‌ఏలోని సమాచారం ఎంఆర్‌ఎన్‌ఏగా మారుతుంది. ఎంఆర్‌ఎన్‌ఏ ఆధారంగా ఎంజైమ్ ప్రోటీన్ తయారవుతుంది. ప్రోటీన్లు జంటకట్టి, సహకారకాలను చేర్చుకొని పనిలోకి దిగుతాయి. ఈ ప్రక్రియకు గంటల కాలం పడుతుంది.

ఎలుకకూ మనిషికీ ఇక్కడ ముఖ్యమైన భేదం ఉంది. ఎలుకలో జన్యువుకు ముందున్న దాదాపు వెయ్యి క్షారజతల భాగంలోనే అవసరమైన నియంత్రణ స్థానాలు ఉన్నాయి. మానవ జన్యువులో సైటోకైన్లకు పూర్తిగా స్పందించాలంటే సుమారు 16 వేల క్షారజతల దూరం వరకు ఉన్న భాగాలు అవసరమని 1990ల పరిశోధనలు చూపాయి. ఎలుకల్లో తేలికగా మేల్కొనే జన్యువు మానవ కణాల్లో అంత తేలికగా ఎందుకు మేల్కొనదో దీనివల్ల కొంతవరకు అర్థమవుతుంది. ఎలుక ఫలితాలను యథాతథంగా మనిషికి అన్వయించరాదని కూడా ఇది హెచ్చరిస్తుంది.

6. వ్యక్తీకరణను కొలిచే పద్ధతులు

ఒక జన్యువు వ్యక్తమవుతున్నదా లేదా అన్నది ఒకే పరీక్షతో తేలదు. ఎంఆర్‌ఎన్‌ఏ ఉన్నదో లేదో ఆర్‌టీ-పీసీఆర్ వంటి పద్ధతులు చెబుతాయి. ప్రోటీన్ ఉన్నదో లేదో ప్రతిదేహాల సాయంతో, కణజాలపు పలుచని కోతల్లో రంగు ద్వారా గాని, వెస్టర్న్ బ్లాట్ ద్వారా గాని గుర్తించవచ్చు. ఎంజైమ్ నిజంగా పనిచేస్తున్నదా అన్నది తెలుసుకోవడానికి ఆర్జినైన్ ఎంత మేరకు సిట్రులిన్‌గా మారిందో కొలుస్తారు. లేదా నైట్రిక్ ఆక్సైడ్ మార్పుచెందగా ఏర్పడే నైట్రైట్‌ను కొలుస్తారు. నైట్రైట్ ఉన్నచోట గులాబీ రంగు తెచ్చే గ్రీస్ పరీక్ష 1879 నాటిదైనా నేటికీ వాడుకలో ఉంది.

ఈ మూడు అంచెలు ఎప్పుడూ ఏకీభవించవు. ఎంఆర్‌ఎన్‌ఏ ఉండి ప్రోటీన్ తక్కువగా ఉండవచ్చు. ప్రోటీన్ ఉండి ఆర్జినైన్ కొరత వల్ల పని జరగకపోవచ్చు. కాబట్టి ‘వ్యక్తీకరణ’ అన్న మాటను చదివినప్పుడు అది ఏ అంచెను ఉద్దేశించిందో పాఠకుడు గమనించాలి.

7. పాత్రలోని కణం, దేహంలోని కణం

ఈ రంగంలో విరివిగా వాడే కణాల్లో ఏ549 ఒకటి. 58 ఏళ్ల వ్యక్తి ఊపిరితిత్తుల క్యాన్సర్ కణజాలం నుంచి 1972లో ఈ కణాలను వేరుచేశారు. ఇవి వాయుగోణుల రెండవ రకం కణాలను కొన్ని లక్షణాల్లో పోలి ఉంటాయి. ఎన్ని తరాలైనా విభజన చెందుతాయి గనుక ఒక ప్రయోగశాల ఫలితాన్ని మరో ప్రయోగశాలతో పోల్చుకోవడం సులభం. మానవ ఊపిరితిత్తుల ఉపకళా కణాల్లో నిత్యరూపమూ, ప్రేరిత రూపమూ రెండూ వ్యక్తం కాగలవని 1994లో అసానో, ఆయన సహచరులు అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ పత్రికలో ప్రకటించారు. ప్రేరిత రూపం సైటోకైన్లు చేర్చినప్పుడు వ్యక్తమవుతుందన్న అవగాహన దీనితో మానవ ఉపకళకు కూడా విస్తరించింది.

మరుసటి సంవత్సరం అదే పత్రికలో గువో, ఎర్జురుమ్, వారి సహచరులు వేరొక దృశ్యాన్ని చూపారు. వారు ఆరోగ్యవంతుల శ్వాసనాళాల నుంచి బ్రాంకోస్కోపీ ద్వారా చిన్న బ్రష్‌తో కణాలను సేకరించి, వెంటనే పరీక్షించారు. ఏ వ్యాధీ లేని ఆ కణాల్లో ప్రేరిత సింథేజ్ ఎంఆర్‌ఎన్‌ఏ సమృద్ధిగా కనిపించింది. ఆ కణాలనే ప్రయోగశాలలో పెంచినప్పుడు వ్యక్తీకరణ క్రమంగా అదృశ్యమైంది. అంటే దేహంలో ఈ జన్యువు నిరంతరం మేల్కొనే ఉంది. దాన్ని మేలుకొలిపి ఉంచే సందేశాలు శ్వాసమార్గపు పరిసరాల్లో ఉన్నాయి. కణాన్ని ఆ పరిసరాల నుంచి వేరుచేసినప్పుడు అది నిద్రలోకి జారింది. ఇంటర్‌ఫెరాన్ గామా, ఇంటర్‌ల్యూకిన్-4 కలిసి ఈ వ్యక్తీకరణను దీర్ఘకాలం నిలపగలవని అదే బృందం 1997లో చూపింది.

ఇక్కడ రెండు పరిశోధనల మధ్య వైరుధ్యం లేదు. పాత్రలోని కణం తనకు ఏ సందేశం అందితే ఎలా స్పందించగలదో చెబుతుంది. దేహంలోని కణం తనకు నిజంగా ఏ సందేశాలు అందుతున్నాయో చెబుతుంది. మొదటిది సామర్థ్యం, రెండవది స్థితి. ఈ భేదాన్ని విస్మరిస్తే ‘ప్రేరిత’ అన్న పేరే మనల్ని పొరపాటు పట్టిస్తుంది. ఆరోగ్యవంతుని ఊపిరిలో కూడా నైట్రిక్ ఆక్సైడ్ ఉండటానికి కారణం ఇదే. ఆ తరువాతి కాలంలో, కణాల అడుగుభాగం పోషక ద్రవంలో, పైభాగం గాలిలో ఉండేలా పెంచే పద్ధతి ప్రాచుర్యం పొందింది. అందులో కణాలు శైలికలను, శ్లేష్మాన్ని తిరిగి పొంది దేహంలోని స్థితికి మరింత దగ్గరవుతాయి.

8. ఉబ్బసంలో కనిపించే మార్పు

ఊపిరిలో నైట్రిక్ ఆక్సైడ్ ఉందని 1991లో గుస్తాఫ్‌సన్ బృందం ప్రకటించింది. ఉబ్బసం ఉన్నవారి ఊపిరిలో అది అధికంగా ఉందని 1993లో ఆల్వింగ్, ఆయన సహచరులు ప్రకటించారు. అదే సంవత్సరం ఉబ్బస రోగుల శ్వాసనాళ ఉపకళలో ప్రేరిత సింథేజ్ ప్రోటీన్ ఎక్కువగా ఉన్నట్లు హమీద్ బృందం ద లాన్సెట్‌లో చూపింది. ఊపిరిలోని వాయువు పరిమాణానికీ ఉపకళలోని ప్రేరిత సింథేజ్‌కూ మధ్య దగ్గరి సంబంధం ఉందని తరువాతి అధ్యయనాలు నిర్ధారించాయి.

ఉబ్బసంలో ఈ జన్యువును అదనంగా ప్రేరేపించే సందేశాల్లో ఇంటర్‌ల్యూకిన్-4, ఇంటర్‌ల్యూకిన్-13 ముఖ్యమైనవి. ఇవి కణంలో స్టాట్-6 అనే ప్రోటీన్‌ను చైతన్యపరుస్తాయి. అలర్జీతో కూడిన ఉబ్బసంలో ఈ మార్గం చురుకుగా ఉంటుంది. పీల్చే స్టెరాయిడ్ మందులు వాపును, వాపును నడిపే సైటోకైన్లను తగ్గిస్తాయి గనుక, వాటిని క్రమంగా వాడినప్పుడు ఊపిరిలోని నైట్రిక్ ఆక్సైడ్ కూడా తగ్గుతుంది. ఇంటర్‌ల్యూకిన్-4, 13 రెండింటి గ్రాహకాన్ని అడ్డుకొనే డుపిలుమాబ్ మందుతో కూడా ఇది స్పష్టంగా తగ్గుతుంది. శ్వాసలోని అంకె ప్రధానంగా ఈ మార్గానికే సాక్ష్యమని దీనివల్ల తెలుస్తుంది.

9. శ్వాస పరీక్ష, దాని పరిమితులు

ఊపిరిలోని నైట్రిక్ ఆక్సైడ్‌ను వందకోట్ల భాగాల్లో ఎన్ని భాగాలుగా ఉన్నదో లెక్కిస్తారు. దీన్నే పీపీబీ అంటారు. సెకనుకు 50 మిల్లీలీటర్ల స్థిరవేగంతో ఊదాలన్నది అంతర్జాతీయంగా అంగీకరించిన నియమం. వేగంగా ఊదితే గోడ నుంచి వాయువు గాలిలో చేరడానికి వ్యవధి చాలదు, అంకె తగ్గుతుంది. నెమ్మదిగా ఊదితే పెరుగుతుంది. స్వల్ప నిరోధానికి ఎదురుగా ఊదించడం వల్ల అంగిలి వెనుకభాగం మూసుకొని, ముక్కులోని గాలి కలవకుండా ఉంటుంది. ముక్కు చుట్టూ ఉన్న సైనస్‌లలో నైట్రిక్ ఆక్సైడ్ చాలా ఎక్కువగా తయారవుతుంది గనుక ఈ జాగ్రత్త తప్పనిసరి.

అమెరికన్ థొరాసిక్ సొసైటీ 2011 మార్గదర్శకాల ప్రకారం, పెద్దల్లో 25 కంటే తక్కువ ఉంటే స్టెరాయిడ్‌కు స్పందించే తరహా వాపు ఉండే అవకాశం తక్కువ. 50 కంటే ఎక్కువ ఉంటే ఆ అవకాశం ఎక్కువ. పిల్లల్లో ఈ హద్దులు 20, 35. మధ్యలోని అంకెలను రోగి పరిస్థితితో కలిపి చూడాలి.

ఇతర కారణాలు కూడా అంకెను మారుస్తాయి. పొగతాగేవారిలో ఇది తగ్గుతుంది. కాబట్టి పొగతాగే ఉబ్బస రోగికి తక్కువ అంకె వచ్చినంత మాత్రాన వ్యాధి అదుపులో ఉన్నదని భావించరాదు. పాలకూర, బీట్‌రూట్ వంటి నైట్రేట్ అధికంగా ఉన్న ఆహారం తిన్న తరువాత ఇది పెరగవచ్చు. సిస్టిక్ ఫైబ్రోసిస్‌లో శ్వాసమార్గంలో తీవ్రమైన వాపు ఉన్నప్పటికీ ఉపకళలో ప్రేరిత సింథేజ్ తక్కువగా వ్యక్తమవుతుంది, ఊపిరిలోని అంకె పెరగదు. పుట్టుకతోనే శైలికలు సరిగా పనిచేయని వ్యాధిలో ముక్కులోని నైట్రిక్ ఆక్సైడ్ బాగా తగ్గిపోతుంది. ఈ లక్షణాన్ని ఆ వ్యాధి నిర్ధారణలో ఉపయోగిస్తున్నారు. వాపు ఉన్నచోటల్లా ఈ వాయువు పెరుగుతుందన్న సాధారణ సూత్రం నిలవదని ఈ ఉదాహరణలు నిరూపిస్తాయి.

10. సూచికా, కారణమా?

నైట్రిక్ ఆక్సైడ్ అధికమైనప్పుడు, వాపులో పుట్టే సూపరాక్సైడ్‌తో కలిసి పెరాక్సీనైట్రైట్ అనే తీవ్రమైన పదార్థం ఏర్పడుతుంది. అది ప్రోటీన్లను దెబ్బతీస్తుంది. ఈ కారణంగా ప్రేరిత సింథేజ్‌ను అడ్డుకుంటే ఉబ్బసం తగ్గుతుందని ఆశించడం సహజం. ఈ ఆశను మానవులపై పరీక్షించారు. 2007లో ప్రచురితమైన అధ్యయనంలో, ఆ ఎంజైమ్‌ను ప్రత్యేకంగా అడ్డుకొనే మందు ఉబ్బస రోగుల ఊపిరిలోని నైట్రిక్ ఆక్సైడ్‌ను గణనీయంగా తగ్గించింది. కాని అలర్జీ కారకాన్ని పీల్చినప్పుడు శ్వాసనాళాలు స్పందించిన తీరులో గాని, వాపు కణాల సంఖ్యలో గాని మార్పు రాలేదు.

ఈ ఫలితం నిరాశ కలిగించినా బోధించింది చాలా ఉంది. అంకె తగ్గింది, వ్యాధి తగ్గలేదు. స్టెరాయిడ్ వాడినప్పుడు రెండూ తగ్గుతాయి. ఎందుకంటే స్టెరాయిడ్ జన్యువుకు ఆదేశమిచ్చే వాపునే తగ్గిస్తుంది. ఎంజైమ్ నిరోధకం ఆ ఆదేశాన్ని తాకకుండా, దాని ఫలితాన్ని మాత్రమే అణచివేస్తుంది. అంకెను బట్టి చికిత్సను మార్చే వైద్యునికీ, అంకె తగ్గిందని మందు మానేయాలనుకునే రోగికీ ఈ భేదం తెలిసి ఉండటం అవసరం.

11. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలను ఇలా క్రోడీకరించవచ్చు. మానవ ఊపిరితిత్తుల ఉపకళా కణాల్లో నైట్రిక్ ఆక్సైడ్ సింథేజ్ మూడు రూపాలూ వ్యక్తమవుతాయి. ‘ప్రేరిత’ అని పేరుపొందిన రూపం ఆరోగ్యవంతుల శ్వాసమార్గంలో కూడా నిరంతరం వ్యక్తమవుతూనే ఉంటుంది. కణాన్ని దేహం నుంచి వేరుచేస్తే ఆ వ్యక్తీకరణ నశిస్తుంది. అందువల్ల అది కణానికి స్వతఃసిద్ధమైన గుణం కాదు, కణానికీ దాని పరిసరాలకూ మధ్య సాగే సంభాషణ ఫలితం. ఉబ్బసంలో ఆ సంభాషణలో ఇంటర్‌ల్యూకిన్-4, 13 స్వరం పెరుగుతుంది. శ్వాస పరీక్షలోని అంకె ఆ పెరుగుదలను చూపుతుంది.

ఆ అంకెను లక్షణాలతోనూ, ఊపిరితిత్తుల సామర్థ్య పరీక్షతోనూ, రోగి అలవాట్లతోనూ కలిపి చదివినప్పుడు అది ఉపయోగకరమైన సాక్ష్యం అవుతుంది. విడిగా చదివితే తప్పుదారి పట్టించవచ్చు. రోగి యంత్రంలోకి ఊదిన ప్రతిసారీ తెలిసేది ఆ సమయంలో అతని శ్వాసమార్గపు కణాలకు ఏ సందేశాలు అందుతున్నాయన్నదే. మందు పనిచేస్తున్నదా అన్న ప్రశ్నకు సమాధానం ఆ అంకెతో పాటు రోగి రాత్రి నిద్రలోనూ, పగటి పనిలోనూ కూడా వెదకాలి.